తూచి తినాలా, చూసి తినాలా?

(భోజనాల వేళ. తమ్ముడి ముందు పళ్లెం, పక్కన చిన్న ఎలక్ట్రానిక్ కాటా, చేతిలో ఫోను. అక్క వడ్డిస్తోంది.)

తమ్ముడు: ఆగక్కా, కూర గిన్నె ఇలా పెట్టు. తూచి వేసుకుంటా.

అక్క: తూచితే అందులో విటమిన్లు పెరుగుతాయేంట్రా? చల్లారిపోతోంది, తిను.

తమ్ముడు: పెరగవు. ఎంత తింటున్నానో తెలుస్తుంది. కూరగాయలూ పండ్లూ కలిపి రోజుకి కనీసం 400 గ్రాములు తినాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బంగాళాదుంప లాంటివి ఆ లెక్కలోకి రావు. మనం వేసుకునేది రెండు చెంచాల కూర. పైగా రోజూ కూర తింటున్నాం కదా అని ధీమా!

అక్క: కూర చాలట్లేదంటే ఒప్పుకుంటా. దానికి కాటా ఎందుకు? పళ్లెంలో సగం కూరలూ పండ్లూ, పావు వంతు అన్నమో రొట్టో, మిగతా పావు పప్పో గుడ్డో చేపో. కళ్లుంటే చాలు.

తమ్ముడు: కళ్లకి నూనె కనబడుతుందా? గ్రాము కొవ్వుకి 9 కేలరీలు. పిండిపదార్థానికైనా ప్రొటీన్‌కైనా నాలుగే. ఒక పెద్ద చెంచా నూనె చెయ్యి జారి పడిందంటే 120 కేలరీలు. కూర చూస్తే ఎప్పటిలాగే ఉంటుంది.

అక్క: సరే, నూనె చెంచాతోనే పోస్తా. అసలే వద్దంటే మాత్రం వినను. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. అయినా కేలరీలు సరిపోయాయంటే తిండి సరిపోయినట్టేనా? 2019లో అమెరికాలో ఇరవై మందిని పెట్టుకుని ఒక పరిశోధన చేశారు. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు వంట. ముందు పెట్టిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటికీ సమానమే. కావలసినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. చీటీ మీద అంకెలు ఒకటే, తిన్నది వేరు.

తమ్ముడు: ఆ ఐదువందలు తేలింది కూడా తూచబట్టే కదక్కా!

అక్క: (నవ్వుతూ) వాళ్లు పరిశోధకులు, తూచారు. నువ్వు ఆకలితో ఉన్నావు, తిను. నీ యాప్ ఆకుకూరలో ఐరన్ ఇంత అని చూపిస్తుంది, బాగానే ఉంది. అందులో ఒంటికి పట్టేదెంతో చెబుతుందా? కాస్త నిమ్మరసం పిండితే ఎక్కువ పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. నిన్న చెయ్యి కూడా కడుక్కోకుండా టీ పెట్టమన్నదెవరు?

తమ్ముడు: టీ ఓ గంట ఆగి తాగుతాలే. ఉప్పు మాటేంటి? పెద్దవాళ్లకి రోజంతటికీ ఐదు గ్రాముల లోపే ఉండాలి. అంటే ఒక చిన్న చెంచా కన్నా తక్కువ. ఉప్పులో ఉండే సోడియం ఎంతో ప్యాకెట్ వెనక చదవకుండా ఎలా తెలుస్తుంది?

అక్క: ప్యాకెట్ కొంటే చదవాల్సిందే. కొనకపోతే చదివే పనే తప్పుతుంది.

(తమ్ముడు ఫోను పక్కన పెట్టి అక్క పళ్లెం వైపు చూస్తాడు. వాదన అసలు ఇక్కడ మొదలవ్వాల్సింది.)

తమ్ముడు: నాకు సగం, పావు అని చెప్పావు. నీ పళ్లెంలో ఏముంది? అన్నం, గిన్నె అడుగున మిగిలిన పప్పు నీళ్లు. పొద్దున టీ, రెండు బ్రెడ్డు ముక్కలు. అరవై కిలోల మనిషికి రోజుకి దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఇందులో సగమైనా వస్తుందా? కంటి చూపు చాలన్నావు, నీ పళ్లెం మాత్రం నీ కంటికే ఆనలేదు.

అక్క: ఎందుకు ఆనదు? రోజూ చూస్తూనే ఉన్నాను. అందరికీ వడ్డించాక మిగిలింది తినేవాళ్లకి లెక్క తెలియక కాదురా తక్కువయ్యేది. కాటా తెచ్చి పెట్టినంత మాత్రాన గిన్నెలో పప్పు పెరగదు.

తమ్ముడు: ఎంత తక్కువైందో అంకెల్లో కనబడితే ఇంట్లో మిగతావాళ్లకి తెలుస్తుంది. నువ్వెలాగూ నోరు తెరిచి అడగవు.

అక్క: ... అదీ నిజమే.

తమ్ముడు: ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న భాగాల కూర్పు. వాటిలో లైసిన్ అనేది ధాన్యంలో తక్కువ, మెథియోనిన్ అనేది పప్పులో తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. అందుకే పప్పు...

అక్క: రెండూ ఒకే పూట తినాలనేం లేదు, రోజు మొత్తం మీద అందితే చాలు. ఉపన్యాసం ఆపి గరిటె పట్టుకో. రేపటి నుంచి లెక్క వేసేవాడే వడ్డించాలి.

తమ్ముడు: వడ్డిస్తా. నీకో గుడ్డు కూడా ఉడకబెడతా. దాంట్లో వచ్చేది ఆరు గ్రాములే, పప్పు ఎలాగూ కావాలి.

అక్క: వెయ్యి. తేటనీళ్లు కాదు, గట్టి పప్పు. అదీ నీకు వేసుకోకముందు.