బడికి పన్ను, ఊరికి లెక్క

ఒంగోలు ట్రంకు రోడ్డులో అడిగినా, నెల్లూరు వీఆర్సీ సెంటర్లో అడిగినా ఇప్పుడు ఒకటే ఫిర్యాదు: కష్టపడి కట్టిన పన్నంతా ఉచితాలకు పోతోంది, చదువు కావలసినవాళ్లు డబ్బు పెట్టి చదివించుకోవాలి గాని ప్రభుత్వానికెందుకు? ఎన్నికలప్పుడు తగ్గి, ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడగానే మళ్లీ పెరిగే గొడవ ఇది.

ఆదాయపు పన్ను కట్టేవారు మనలో తక్కువే. అసలు పన్నే కట్టనివారు మాత్రం మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఒక్కరూ లేరు. చీమకుర్తి క్వారీకి పనికెళ్లే కూలీ బండిలో లీటరు పెట్రోలు పోయించుకుంటే రాష్ట్రానికి 31 శాతం వ్యాట్, దానిమీద 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు చెల్లిస్తాడు. అన్నీ కలిపితే 30 రూపాయలకు దగ్గర. కేంద్ర ఎక్సైజు సుంకం వేరు. రొయ్యలు వలిచే షెడ్డుకెళ్లే ఆడమనిషి 299 రూపాయలతో సెల్లు రీచార్జి చేయించుకుంటే అందులో 45 రూపాయల పైచిలుకు జీఎస్టీయే. ఆమె కూతురు చదివే బడిని ఎవరో దయతలచి పెట్టినట్టు మాట్లాడటం లెక్క తెలియని మాట.

చదువుకీ సంక్షేమానికీ ఖర్చు పన్నుల నుంచే రావాలన్నది మా నిశ్చితాభిప్రాయం. దాతలు చేసిన మేలును తక్కువ చేయడం లేదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన వేటపాలెం సారస్వత నికేతనం 1918లో ప్రజల పూనికతో పుట్టిందే. కానీ దాత తనకు నచ్చిన ఊళ్లో ఒక్కటి కట్టగలడు. ప్రతి ఆవాసానికీ కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత పాఠశాల, 60 మంది వరకు పిల్లలకు ఇద్దరు టీచర్లు ఉండాలన్నది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, దాని కింది నిబంధనలు పెట్టిన నియమం. నల్లమల అంచున చెంచు గూడేనికీ, పెన్న ఒడ్డున యానాదుల కాలనీకీ ఆ లెక్కన బడి నడపడం చందాలతో అయ్యే పని కాదు. ఫీజులతో అసలే కాదు.

ఆ పన్ను బడిలో ఎలా ఖర్చవుతుందో మధ్యాహ్న భోజనం దగ్గర చూడాలి. 30 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలను తీసుకుందాం. తలకు 100 గ్రాముల చొప్పున రోజుకు 3 కిలోల బియ్యం. పప్పు 20 గ్రాముల చొప్పున 600 గ్రాములు, కూరగాయలు 50 గ్రాముల చొప్పున కిలోన్నర, నూనె 5 గ్రాముల చొప్పున 150 గ్రాములు. బియ్యం కాక మిగతా సామగ్రికీ, వంటచెరకుకీ కేంద్రం 2025 మే 1 నుంచి నిర్ణయించిన కనీస రేటు పిల్లవాడికి 6 రూపాయల 78 పైసలు. ఇందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. అంటే 30 మందికి రోజుకు 203 రూపాయల 40 పైసలు. కందిపప్పు కిలో 120 అనుకుంటే పప్పుకే 72 రూపాయలు పోతాయి. మిగిలిన 131 రూపాయల్లో కూర, నూనె, చింతపండు, ఉప్పు, కారం, గ్యాసు అన్నీ సర్దాలి. టమాటా కిలో 80 దాటిన వారం చారు పలచబడుతుంది, పప్పులో పప్పు తగ్గుతుంది. వంటమనిషి చేతివాటం అని అనుమానించే ముందు ఈ గుణకారం చేసి చూడాలి. బిల్లు రెండు నెలలు ఆగిందంటే కిరాణా కొట్టులో అప్పు పెరుగుతుంది. అరువుకిచ్చే కొట్టువాడు పాత కందిపప్పే కొలుస్తాడు. నెలకు 3 వేల గౌరవ వేతనం తీసుకుని వండిపెట్టే పొదుపు సంఘం మహిళ ఆ అప్పుకు పూచీ పడుతుంది. పన్ను ఖజానాకు సకాలంలో చేరినా పళ్లెంలోకి ఆలస్యంగా వస్తే జరిగేదిదీ. వారంలో అయిదు రోజులు గుడ్డు పెట్టడం మాత్రం రాష్ట్రం సొంతంగా మోస్తున్న మంచి ఖర్చు. దాని మీద ఎవరు కన్నేసినా ఒప్పుకోకూడదు.

వలస కుటుంబాల పిల్లల కోసం ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు తెరిచే సీజనల్ హాస్టళ్లదీ ఇదే తంతు. తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకోకముందే హాస్టల్ తెరిస్తే పిల్లలు ఊళ్లో ఉంటారు. నిధులొచ్చి తాళం తీసేసరికి వాళ్లు బెంగళూరులో ఇటుకల దగ్గరో, ఇసుక దగ్గరో ఉంటారు. ఖర్చు మాత్రం కాగితం మీద సక్రమంగానే ఉంటుంది.

వృద్ధాప్య పింఛను సంగతి ఒక్క మాటలో తేలుతుంది. రాష్ట్రం 2024 జులై నుంచి 4 వేలు ఇస్తోంది. అందులో 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం వాటా 200 రూపాయలు. 2007లో ఎంతో ఇప్పుడూ అంతే.

ఇక ఏ పన్నుతో అన్న ప్రశ్న. దీనికి నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1992లోనే సగం జవాబు చెప్పారు. ప్రభుత్వ ఖర్చుతో నడిచిన అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చి, వాచకంలో తాగుడు పాఠం చదివిన దూబగుంట మహిళలు రోశమ్మ వెంట నడిచి సారా దుకాణం మూయించారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆదాయం పోతే సంక్షేమం నడిచేదెలా అన్నది అప్పుడూ ఇప్పుడూ ఖజానా వాదన. సారా మీద వచ్చే రూపాయి ముందుగా కూలీ ఇంటి బియ్యం డబ్బులోంచే పోతుందన్నది ఆ మహిళల వాదన. మేం వాళ్ల పక్షమే. మద్యం ఆదాయానికి పథకాన్ని ముడిపెడితే అమ్మకం తగ్గినప్పుడల్లా పథకం కుంటుతుంది. కుంటకూడదంటే అమ్మకం పెంచమని అధికారులకే లక్ష్యాలు పెట్టాలి. అక్షరాస్యతకు పెట్టిన కొద్దిపాటి ఖర్చు ఎంత పని చేసిందో చూపిన జిల్లాలో ఈ విడ్డూరం చెల్లదు.

ఇవ్వగలిగినవారి దగ్గర తీసుకోవడంలోనూ మొహమాటాలున్నాయి. నీటితీరువా 1996లో సవరించినప్పుడు మాగాణి తొలి పంటకు ఎకరాకు 200 రూపాయల దాకా, ఆక్వా చెరువుకు ఎకరాకు ఏడాదికి 500గా పెట్టారు. చిన్న వరిరైతు జోలికి వెళ్లమని మేం అనం. రొయ్యల చెరువు కౌలు ఎంత పలుకుతుందో తీర మండలాల్లో అందరికీ తెలుసు, ఆ 500 మీద మాత్రం నోరు మెదిపే నాయకుడు లేడు.

చదువు పేరు చెప్పి వేసే సెస్సులది మరో కథ. 2004లో 2 శాతంతో మొదలై, 2007లో ఇంకో శాతం కలిసి, 2018 నుంచి ఆరోగ్యంతో జతై 4 శాతం అయింది. లక్ష రూపాయల ఆదాయపు పన్ను కట్టేవారు దానిపై 4 వేలు సెస్సు కడుతున్నారు. ఆ 4 వేలు మామూలు పన్నైతే 41 శాతం, అంటే 1,640 రూపాయలు, రాష్ట్రాలన్నిటికీ కలిపి వాటాగా వచ్చేది. సెస్సు కాబట్టి పంచనక్కర్లేదు. బడులు నడిపేదేమో రాష్ట్రం. పోనీ చదువుకే చేరిందా అంటే, సెకండరీ, ఉన్నత విద్య పేరిట వసూలైన 83 వేల కోట్లకు పైగా సొమ్మును వేయడానికి పదేళ్లపాటు ప్రత్యేక నిధి కూడా పెట్టలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. నిధి 2017లో గాని ఏర్పడలేదు.

ఢిల్లీని అనేముందు మన పంచాయతీ ఆఫీసు గడప కూడా తొక్కాలి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1,500 రూపాయల పన్నుకు 120. పంచాయతీ, మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. మధ్యలో ఏమవుతుందంటే, అది సాధారణ నిధిలో కలిసిపోతుంది. కరెంటు బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, బోరు మోటారు మరమ్మతు అయ్యాక మిగిలితే గ్రంథాలయానికి. మిగలదు. శాఖా గ్రంథాలయంలో ముందు పత్రికలు తగ్గుతాయి, తర్వాత పోటీ పరీక్షల పుస్తకాలు పాతబడతాయి, చివరికి తలుపు ఒక్కపూటే తీస్తారు. పన్ను కట్టే ఆసామికి రసీదులో ఆ 120 విడిగా కనబడితే అడిగేవాడు ఉంటాడు. అందుకే పైసా ఖర్చు లేని మొదటి సవరణ రసీదులోనే జరగాలి: సెస్సుకు వేరే గడి, దాని కింద కిందటేడు సంస్థకు జమచేసిన మొత్తం, చలానా తేదీ.

రాష్ట్ర పథకం తల్లికి వందనం కింద పిల్లవాడికి ఏడాదికి 15 వేలలో 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి, 2 వేలు బడి నిర్వహణకు మినహాయిస్తున్నారు. ప్రైవేటు బడి పిల్లలకూ ఇది వర్తిస్తుంది. కార్పొరేట్ చదువులకు పేరుపడ్డ నెల్లూరులో ఆ 13 వేలు ఎటు పోతాయో ఊహించడం కష్టం కాదు, ఆ ఎంపిక తల్లిదే, దాన్ని మేం తప్పుపట్టం. మినహాయించిన 2 వేల సంగతి వేరు. 200 మంది అర్హులున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల లెక్కన అది 4 లక్షలు. ఆ బడిలో మరుగుదొడ్డికి నీళ్లెందుకు రావడం లేదో, ట్యాంకు పగిలి ఎన్నాళ్లైందో ఈ 4 లక్షల పక్కన రాసి చూపాలి.

ఉపాధి హామీ పనులకు ఊరి నడుమ సామాజిక తనిఖీ జరిపించిన అనుభవం ఈ రాష్ట్రానికి 2006 నుంచి ఉంది. మస్టరు, అంటే హాజరు పట్టీ చదివి, కూలీని నిలబెట్టి, నీకు ముట్టిందా అని అడిగే ఆ పద్ధతినే మధ్యాహ్న భోజనం బిల్లులకూ, నిర్వహణ నిధికీ, గ్రంథాలయ సెస్సుకూ పెట్టాలి. ఏడాదికి రెండు సార్లు చాలు. కలెక్టర్లు జిల్లాకు ఒక్కో మండలంతో మొదలుపెట్టవచ్చు. మెట్టలో ఒకటి ఉదయగిరి వైపు, ఒకటి కనిగిరి వైపు అయితే మంచిది. బిల్లులు ఎక్కువగా ఆగేదీ, అడిగేవారు తక్కువగా ఉండేదీ అక్కడే.