మూడేళ్లయినా కుదురుకోనివ్వాలి

పీహెచ్‌డీ పట్టా చేతికొస్తే పరిశోధకులు ఒడ్డున పడ్డట్టేనని బయటివారు అనుకుంటారు. విజ్ఞానశాస్త్రాల్లో అది కొంతవరకు నిజం. ప్రొఫెసర్ తన ప్రయోగశాలకు వచ్చిన గ్రాంటులోంచే కొత్తగా డాక్టరేటు అందుకున్నవారిని పోస్ట్‌డాక్‌లుగా పెట్టుకుంటారు. పని ఆయనది, జీతం గ్రాంటుది. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం, భాషాశాస్త్రం, కళాచరిత్ర చేసినవారికి ఆ నీడ లేదు. వారు తలకెత్తుకున్న ప్రశ్న వారొక్కరిదే. దానికి మరొకరి గ్రాంటులో పద్దు ఉండదు. పండితులకు బోధన భారం లేకుండా పరిశోధనకు చోటు, సొమ్ము ఇచ్చే ఉన్నత అధ్యయన సంస్థల ఫెలోషిప్పులే వారికి దిక్కు. ఆ ఫెలోషిప్పులు ఎన్నేళ్లవి, వాటి సొమ్ము ఎక్కడిది అన్నవి చూడటానికి గుమాస్తా వ్యవహారాల్లా ఉంటాయి. ఏ పుస్తకం వెలుగు చూస్తుందో, ఏది చిత్తుప్రతిగానే మిగిలిపోతుందో తేలేది మాత్రం అక్కడే.

ఇటువంటి సంస్థల్లో పేరెన్నికగన్న, అమెరికాలోని ప్రిన్స్‌టన్ సంస్థ 1930లో పుట్టింది. న్యూజెర్సీ వ్యాపారి లూయీ బాంబర్గర్, ఆయన చెల్లెలు కరోలిన్ ఫుల్డ్ అంతకు ముందు ఏడాది, స్టాక్ మార్కెట్ కుప్పకూలడానికి కొద్దిగా ముందు, తమ డిపార్ట్‌మెంట్ స్టోర్‌ను అమ్మేశారు. ఆ డబ్బుతో వైద్య కళాశాల పెట్టాలనుకున్నారు. విద్యా సంస్కర్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వారి మనసు మార్చి, పాఠాలూ పరీక్షలూ లేని సంస్థ వైపు తిప్పారు. తొలి విరాళం 50 లక్షల డాలర్లు. 1933లో గణితంతో పని మొదలైంది. మానవీయ శాస్త్రాల విభాగం 1935లో వచ్చింది. నాజీ చట్టాల కారణంగా హాంబర్గ్‌లో ఉద్యోగం పోయిన కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ చేరింది అందులోనే. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో 1954లో, సిమ్లాలో 1965లో, నెదర్లాండ్స్‌లో 1970లో, బెర్లిన్‌లో 1981లో ఇదే బాటలో సంస్థలు వెలిశాయి.

ఆ డబ్బేదో నేరుగా పరిశోధకుల ఇంటికే పంపితే పోదా, ఇన్ని భవనాలెందుకు అని అడిగేవారున్నారు. 1958-59లో స్టాన్‌ఫర్డ్ కేంద్రంలో గడిపిన థామస్ కూన్ అనుభవమే దానికి జవాబు. భౌతికశాస్త్రం నుంచి సైన్సు చరిత్రలోకి వచ్చిన ఆయన అక్కడ సామాజిక శాస్త్రవేత్తల మధ్య పడ్డారు. తమ రంగంలో ఏవి సరైన సమస్యలు, ఏవి సరైన పద్ధతులు అన్నదానిపైనే వారికి ఏకాభిప్రాయం లేదు. ప్రకృతి శాస్త్రాల్లో ఇంత గొడవ ఎందుకు లేదన్న ఆలోచనే పారడైమ్ భావనకు, అంటే ఒక రంగంలోని శాస్త్రవేత్తలంతా ఒప్పుకుని పనిచేసే నమూనా అన్న భావనకు దారితీసిందని ఆయనే చెప్పుకొన్నారు. ఇంట్లో కూర్చుని చెక్కు అందుకుంటే ఆ సామాజిక శాస్త్రవేత్తలు ఎదురయ్యేవారు కారు. అందుకే బెర్లిన్‌లో ఫెలోలంతా కలిసి భోజనం చేయాలన్నది ఒక నియమంగానే పెట్టుకున్నారు.

అయితే ఈ సంస్థల్లో అత్యధికం ఇచ్చేది ఒక్క ఏడాది. విశ్వవిద్యాలయంలో కుర్చీ భద్రంగా ఉండి, సెలవు పెట్టి వచ్చిన ప్రొఫెసర్‌కు ఏడాది చాలు. తిరిగి వెళ్లడానికి ఆయనకో చోటు, నెల తిరిగేసరికి జీతం ఉన్నాయి. డాక్టరేటు ముగించి వచ్చిన యువ పరిశోధకురాలి సంగతి అది కాదు. సెప్టెంబరులో కొత్త ఊళ్లో దిగుతుంది. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, వీసా కాగితాలు, గ్రంథాలయ కార్డు పూర్తయ్యేసరికి అక్టోబరు. మరుసటి ఏడాదికి దరఖాస్తుల కాలం అప్పుడే మొదలవుతుంది. ఒక సంస్థకు వెయ్యి పదాల ప్రతిపాదన కావాలి, ఇంకొకదానికి ఐదు పేజీలు. మూడోది ఈ ఏటి ఇతివృత్తం వలసలనో, వాతావరణమనో ప్రకటిస్తుంది కనుక, మధ్యయుగాల వ్యాకరణంపై చేస్తున్న పనిని వాతావరణం వైపు వంచాలి. ఒక్కోదానికి మూడేసి సిఫారసు లేఖలు. అడిగినవారినే మళ్లీ అడగడానికి మొహమాటం. జనవరి నుంచి ఇంటర్వ్యూలు, వసంతమంతా ఎదురుచూపులు, జూన్‌లో మళ్లీ పెట్టెలు సర్దుకోవడం. ఈ మధ్యలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని నలుగురు చదివే పుస్తకంగా తిరగరాయాలి. ఉద్యోగమిచ్చే కమిటీలు అడిగేది దాన్నే. రాతప్రతి ప్రచురణకర్తకు చేరాక నిపుణుల పరిశీలన, సవరణలు, అచ్చు కలిపి ఏడాదికి తక్కువ పట్టదు. అంటే ఫెలోషిప్పు ముగిసేనాటికి ఆ పుస్తకం పరిశోధకురాలి చేతిలో ఉండే అవకాశమే లేదు.

ఏడాది విరామం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఎలిస్ కోబర్ జీవితం చెబుతుంది. గ్రీసుకు చెందిన క్రీటు దీవిలో దొరికిన, అప్పటికి ఎవరూ చదవలేని ప్రాచీన లిపి లీనియర్ బిని చదవడానికి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీ అధ్యాపకురాలైన ఆమె పగలు పాఠాలు చెప్పి, రాత్రిళ్లు కూర్చునేవారు. యుద్ధకాలంలో కాగితం కరవు. గ్రీటింగ్ కార్డుల వెనకభాగాలు, చర్చి కరపత్రాలు, పరీక్ష పుస్తకాల అట్టలు కత్తిరించి చీటీలు చేసుకుని, సిగరెట్ డబ్బాల్లో పేర్చి పెట్టుకున్నారు. అలా పోగైన చీటీలు దాదాపు 1,80,000. ఏ గుర్తు ఏ గుర్తు పక్కన ఎన్నిసార్లు వస్తుందో వాటిలో లెక్క. ఆ భాషలో మాటల చివళ్లు విభక్తుల్లా మారుతున్నాయని తేల్చింది ఆ చీటీలే. 1946లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్పు దొరికింది, ఒక్క ఏడాదికి. ఆ ఏడాదిలోనే ఆక్స్‌ఫర్డ్ వెళ్లి అప్పటికి అచ్చుకాని శాసనాలకు చేత్తో నకళ్లు రాసుకున్నారు. తర్వాత మళ్లీ తరగతి గది, పేపర్లు దిద్దడం, పైగా వేరొకరి శాసన సంపుటికి అచ్చుపని సాయం. 1950లో, 43 ఏళ్లకే కన్నుమూశారు. ఆమె వేసిన పునాదిపై మైకేల్ వెంట్రిస్ 1952లో లిపిని ఛేదించారు. ఇంకో రెండేళ్లు తీరిక దొరికుంటే ఆమే ఛేదించేవారని పందెం కాయలేం. పాఠాలు లేని ఆ ఒక్క ఏడాదిలో చేసిన పని మాత్రం మన కళ్లముందుంది.

ఏడాదికి బదులు మూడేళ్లు ఇచ్చే పద్ధతి కొత్తదేమీ కాదు. 1933లో హార్వర్డ్ అధ్యక్షపదవి నుంచి దిగిపోతూ ఎ. లారెన్స్ లోవెల్ యువ పండితులకు బోధన భారం లేని మూడేళ్లు ఇచ్చే సొసైటీని నెలకొల్పారు. ఆ ఆలోచనకు డబ్బిచ్చేవారు దొరక్కపోవడంతో సొంత ఆస్తిలోంచే ఇచ్చి, ఆ సంగతి గుట్టుగా ఉంచారు. బ్రిటిష్ అకాడమీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్పులూ మూడేళ్లవే. ఏటా 12 మందికి ఏడాదేసి ఇచ్చే సొమ్ముతో, ఏటా నలుగురికి మూడేసి ఏళ్లు ఇవ్వవచ్చు. ఎంపికయ్యేవారు మూడోవంతుకు పడిపోతారు. ఇప్పటికే లాటరీలా ఉన్న పోటీ మరింత కర్కశమవుతుంది. తిరస్కరణ లేఖ అందుకునే ఎనిమిది మందికి ఈ లెక్క ఎంతమాత్రం రుచించదు. అయినా నలుగురినే ఎంచుకోవాలన్నది మా అభిప్రాయం. పన్నెండు మందినీ ఏడాది తర్వాత రోడ్డున వదిలేసి, అందరికీ అవకాశమిచ్చామని చెప్పుకోవడం కంటితుడుపే. ఏడాది ఫెలోషిప్పులు సెలవుపై వచ్చే ప్రొఫెసర్లకు ఉండనివ్వండి.

ఇక సొమ్ము సంగతి. ప్రయోగశాలతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం. జీతం, ఒక గది, మంచి గ్రంథాలయం, అడపాదడపా పాత దస్త్రాలు చూసివచ్చే ప్రయాణ ఖర్చు. అసలు చిక్కు అది ఏటేటా వస్తుందా లేదా అన్నదే. 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని మానవీయ శాస్త్రాల జాతీయ నిధి సంస్థ, తాను మంజూరు చేసిన గ్రాంట్లనే పెద్దసంఖ్యలో అర్ధంతరంగా రద్దు చేసింది. కొన్ని ఐరోపా ప్రభుత్వాలు, ఫౌండేషన్లు కలిసి 1992లో నిలబెట్టిన కొలీజియం బుడాపెస్ట్ 2011లో మూతపడింది. ప్రభుత్వం మారినప్పుడల్లా, దాత మనసు మారినప్పుడల్లా కత్తి మొదట పడేది ఇక్కడే. అసలు కదపకుండా రాబడి మాత్రమే వాడుకునే మూలనిధి ఒక్కటే దీనికి విరుగుడు. ఏటా ఆ నిధిలో 4 శాతానికి సమానమైన రాబడి వాడుకుంటామనుకుంటే, ఒక ఫెలో వార్షిక వ్యయానికి 25 రెట్లు జమచేయాలి. మూడేళ్ల ఫెలోషిప్పు ఏటా ఒకటి కొత్తగా మొదలవ్వాలంటే దానికి మూడింతలు. చిన్న మొత్తమేం కాదు. కానీ తమ పేరుతో ఒక భవనం లేవాలని కోరే దాతలకు అలవి కాని మొత్తమూ కాదు. భవనానికి సున్నం వేయడానికైనా ఏటా డబ్బు కావాలని వారికి గుర్తుచేయాల్సిన బాధ్యత సంస్థల డైరెక్టర్లదే. ఆ మాట చెప్పడానికి వారు జంకుతున్నారు.

ఇచ్చేదాన్ని స్టైపెండ్ అని పిలిచి భవిష్యనిధి, ఆరోగ్య బీమా, ప్రసూతి సెలవు ఎగ్గొట్టడం కూడా మానాలి. ముప్పై దాటినవారికి ఇచ్చేది విద్యార్థి వేతనం కాదు. పీహెచ్‌డీ అయిన ఇన్నేళ్లలోపే దరఖాస్తు చేయాలన్న గడువులో పిల్లల్ని కన్న ఏళ్లను మినహాయించాలి. ఇప్పటికే కొన్నిచోట్ల ఈ వెసులుబాటు ఉంది. ఏటేటా ప్రగతి నివేదికలు, అచ్చయిన వ్యాసాల పట్టికలు అడగడం తగ్గించి, లెక్క చెప్పమని మూడో ఏడాది చివర ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి. అప్పుడు చూపించడానికి రాతప్రతి ఉంటుంది.