సంతకాన్ని నమ్మి గట్టు తెంచుకోలేం

డెల్టాలోని ఒక కాలేజీలో ఈ వారం శాంతి సభ జరిగింది. భారత్ తన అణ్వస్త్రాలను బేషరతుగా వదులుకోవాలని, ఐక్యరాజ్యసమితి అణ్వస్త్ర నిషేధ ఒప్పందంపై వెంటనే సంతకం చేయాలని అక్కడ విద్యార్థుల చేత ప్రతిజ్ఞ చేయించారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చేతులు చాచి ఆ మాటలు పలికారు. వేదికపై కూర్చున్న పెద్దల్లో ఒక్కరైనా వారికి ఉక్రెయిన్ సంగతి చెప్పలేదు. మాకు కోపం తెప్పించింది అదే.

అణుబాంబు అమానుషమని, హిరోషిమా, నాగసాకి ప్రజలు పడిన నరకం మరెవరికీ రాకూడదని నిరాయుధీకరణవాదులు చెప్పే మాటను మేము కాదనం. అందుకని ముందుగా మనమే వదిలేయాలన్న వాదనను మాత్రం ఒప్పుకోం.

సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఉక్రెయిన్ గడ్డపై దాదాపు 1,900 వ్యూహాత్మక అణ్వస్త్రాలు మిగిలాయి. వాటిని ప్రయోగించే సంకేతాలు మాస్కో చేతిలోనే ఉన్న మాట నిజమే. అయినా అవి ఉన్నంత కాలం ఆ దేశంతో మాట్లాడే తీరు వేరు. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ కలిసి ఒక పత్రంపై సంతకం చేశాయి. ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని, దానిపై బలప్రయోగం చేయబోమని మాట ఇచ్చాయి. ఆ మాట నమ్మి ఉక్రెయిన్ 1996 నాటికి చివరి అణ్వస్త్రాన్ని కూడా రష్యాకు అప్పగించింది. 2014లో క్రిమియా పోయింది. 2022 ఫిబ్రవరి 24న ట్యాంకులు కీవ్ వైపు కదిలాయి. మర్నాడు భద్రతా మండలిలో తీర్మానం పెడితే, సంతకం చేసిన రష్యానే దాన్ని వీటోతో కొట్టేసింది. ఆ పత్రం ఇప్పటికీ ఉంది. దాన్ని చూపించి ఒక్క ఊరినైనా కాపాడుకోగలిగారా?

లిబియా కూడా ఇదే పాఠం చెబుతుంది. 2003లో గడాఫీ తన అణు కార్యక్రమాన్ని విప్పి అప్పగించాడు. 2011లో నాటో విమానాలు అతని సైన్యాన్ని దెబ్బతీశాయి, అతను హతమయ్యాడు. అతని పాలనపై మాకు ఏ సానుభూతీ లేదు. కానీ ఉత్తర కొరియా దీన్నంతా చూసింది. ఇక ముందు ఏ దేశమైనా ఆయుధం వదిలే ముందు ఇవే ఉదాహరణలు తీస్తుంది. చెడ్డ ఆనవాయితీ అంటే ఇదే. దాన్ని సృష్టించిన అగ్రరాజ్యాలను ప్రశ్నించకుండా మన పిల్లలతో ప్రమాణాలు చేయించడం ఏ శాంతి ఉద్యమం?

2017లో 122 దేశాల ఓటుతో వచ్చిన ఆ నిషేధ ఒప్పందాన్నే చూడండి. అణ్వస్త్రాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటి కూడా అందులో చేరలేదు. ఆ బాంబు దెబ్బ తిన్న ఏకైక దేశం జపాన్ సైతం చేరలేదు, దాడి జరిగితే తన అణ్వస్త్రాలతో కాపాడతానన్న అమెరికా హామీ, అంటే అణు గొడుగు కింద ఉంది కనుక. మనకు ఏ గొడుగు ఉంది? 1964లో చైనా బాంబు పేల్చినప్పుడు మన తలపై గొడుగు పడతామని ఎవరూ గట్టి హామీ ఇవ్వలేదు. 1954లోనే అణు పరీక్షలు ఆపమని నెహ్రూ అడిగారు. 2010 నాటికి ప్రపంచమంతటా అణ్వస్త్రాలు తొలగించే ప్రణాళికను 1988లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితి ముందుంచారు. ఎవరు విన్నారు? 1995లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని శాశ్వతం చేసి, అణ్వస్త్రాలు ఉంచుకునే ఐదు దేశాల ప్రత్యేక హోదాను కూడా శాశ్వతం చేశారు. మూడేళ్లకు పోఖ్రాన్‌లో మన అణు పరీక్షలు జరిగాయి. అప్పుడు కూడా ముందుగా ప్రయోగించబోమని మాట ఇచ్చింది మనమే.

ప్రపంచంలోని అణ్వస్త్రాల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు అమెరికా, రష్యాల దగ్గరే ఉన్నాయి. వాటికి పరిమితి పెట్టిన చివరి ఒప్పందం, న్యూ స్టార్ట్, 2026 ఫిబ్రవరి 5తో గడువు తీరిపోయింది. స్టాక్‌హోం పరిశోధన సంస్థ 2025 అంచనా ప్రకారం చైనా దగ్గర కనీసం 600 ఉన్నాయి, మన దగ్గర సుమారు 180. సంతకం మాత్రం ముందు మనమే పెట్టాలట!

గోదావరి ఒడ్డున బతికేవారికి ఇది ఇంత విడమరచి చెప్పాలా? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడో హెచ్చరిక వచ్చిన రాత్రి ఇసుక బస్తాలతో ఏటిగట్టు మీద కాపలా కాసిన ఊళ్లు మనవి. 1986 ఆగస్టులో గండ్లు పడి ఊళ్లు మునిగాక గట్లను మరింత ఎత్తు చేసుకున్నాం. నాలుగేళ్లుగా పెద్ద వరద రాలేదని గట్టు మట్టి తవ్వుకుపోయే వాడిని లంకలో చిన్న పిల్లవాడు కూడా నిలదీస్తాడు. యుద్ధం ఇంత దూరం రాదనే వారికి ఒక మాట: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడపైనా బాంబులు వేశాయి. నేడు అదే విశాఖ నుంచి అణ్వస్త్ర క్షిపణులు మోసే అరిహంత్, అరిఘాత్ జలాంతర్గాములు సముద్రంలోకి వెళుతున్నాయి కనుకే మన మీద మొదటి దెబ్బ వేయాలనుకునే వాడు వెనకాడతాడు.

సభలు పెట్టిన పెద్దలకు చెప్పేది ఒక్కటే. ముందు మాస్కో, వాషింగ్టన్, బీజింగ్, ఇస్లామాబాద్‌ల సంతకాలు తెండి. ఆ తర్వాత ఢిల్లీని అడగండి, మేమూ మీ వెంట వస్తాం. అంతవరకు కాలేజీ పిల్లలకు బుడాపెస్ట్ పత్రం తెలుగులో చదివి వినిపించండి. అది దాచిపెట్టి వారి చేత ప్రతిజ్ఞ చేయించే హక్కు మీకు లేదు.