మూడుసార్లు పిలిస్తే

మా పక్కింటాయన బైకు పోయింది. నేను చేసిందల్లా మర్నాడు పొద్దున్నే పోలీసులు వచ్చినప్పుడు చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడటం. ఊరికే నిలబడ్డ మనిషి కనిపిస్తే వాళ్లకి పంచనామా సాక్షి కనిపించినట్టేనని నాకప్పటికి తెలీదు. "సార్, చదువుకున్నవాళ్లలా ఉన్నారు, ఇక్కడో సంతకం పెట్టండి" అన్నారు. అలా అన్నాక పెట్టకుండా ఎవరుంటారు? బైకు ఉండాల్సిన చోట బైకు లేదని, నేల మీద నూనె మరక మాత్రం ఉందని రెండు పేజీల పంచనామా. ఆ లేని బైకుకి నేనూ ఎదురింటాయనా సాక్షులం.

ఏడాది దాటాక కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఆ టైముకి నేనింట్లో లేను, మా ఆవిడ తీసుకుంది. క్రిమినల్ కేసులు నడిచే తీరు చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అయితే మనిషి దొరకనప్పుడు ఆ కాగితం ఇంట్లో వయసొచ్చిన మగవాళ్లకే ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి దాని బదులు అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఆ 'మగ' అన్న ముక్క తీసేశారు. మంచి మార్పే, నేను కాదనను. కాకపోతే నేను చెప్పులు విప్పేలోపే గుమ్మంలో ఎదురైంది: "ఏవండీ, ఏం చేశారు?"

నేనేం చేయలేదని చెప్పేకొద్దీ ఏదో చేసినవాడిలా కనిపించడం మొదలుపెట్టాను. చివరికి బాబాయికి ఫోన్ చేశాం. మా చుట్టాల్లో లా పాయింట్లు మాట్లాడేది ఆయనొక్కడే.

"ముందు ముద్దాయిల్లో ఏ1 వా, ఏ2 వా, అది చెప్పరా."

"ఎల్‌డబ్ల్యూ 4 అని ఉంది బాబాయ్."

"నాలుగో వాడివా! సరే, ముందస్తు బెయిల్ వేద్దాం."

బాబాయికి తెలిసిన సెక్షన్లు రెండే: 302, 420. అవి కూడా పాతబడిపోయాయని ఆయనకింకా తెలీదు. హత్య ఇప్పుడు 103కి వెళ్లిపోయింది. నేరాలకి శిక్షలు చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో 302 అంటే మతవిశ్వాసాలు నొచ్చుకునేలా కావాలని మాటలనడం. ఇక 420 అన్నది అసలు లేనే లేదు, బీఎన్‌ఎస్ మొత్తం 358 సెక్షన్లతో ఆగిపోయింది. మోసాన్ని 318లో సర్దారు. అయినా ఎవణ్ని తిట్టాలన్నా ఫోర్ ట్వంటీ అన్నంత తృప్తి త్రీ ఎయిటీన్‌లో ఎక్కడుంది?

కోర్టు కానిస్టేబుల్‌కి ఫోన్ చేస్తే అరనిమిషంలో తేల్చేశాడు. ఎల్‌డబ్ల్యూ అంటే చార్జిషీటు జాబితాలో ఉన్న సాక్షి, ఎక్కి చెప్పాక పీడబ్ల్యూ అవుతాడు. "మీరు సాక్షే సార్, టెన్షన్ పడకండి. పంచనామా మీద సంతకం మీదేనా అంటారు, అవునంటే అయిపోయింది." నేను మాత్రం రాత్రంతా ప్రమాణం బట్టీ పట్టాను. అంతా నిజమే చెప్తాను, నిజం తప్ప అబద్ధం చెప్పను.

మర్నాడు కోర్టులో భగవద్గీత లేదు, సుత్తి లేదు, "ఆర్డర్ ఆర్డర్" లేదు. సినిమాల్లో చూపించేవాటిలో అక్కడున్నది ఫ్యానొక్కటే. "మిలార్డ్ అనాలా?" అని పక్కనున్న కుర్ర లాయర్ని అడిగితే, కింది కోర్టులో సార్ అంటే చాలన్నాడు. పదిన్నరకి పిలుపులు మొదలయ్యాయి. ఏ పేరూ సరిగ్గా వినపడదు, పేరు చివర సాగదీసిన దీర్ఘం ఒక్కటే వినపడుతుంది. ఒక గంట తర్వాత గుమ్మం దగ్గర బంట్రోతు గొంతెత్తాడు:

"...నాలుగు, సత్యనారాయణా, సత్యనారాయణా, సత్యనారాయణ!"

నా పేరే, నా నంబరే. మూడుసార్లు పిలిచాక రాకపోతే వారెంటు వేస్తారని బాబాయి భయపెట్టి ఉన్నాడు. పరిగెత్తాను. లోపల అప్పటికే ముగ్గురు చేతులు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. మిగతా సాక్షులు కాబోలనుకుని నాలుగో చోట నిలబడి నేనూ చేతులు కట్టుకున్నాను.

మేజిస్ట్రేటు గారు కాగితం చూస్తూ ఏదో చదివారు. నాకు చివరి ముక్కే అందింది. "...పేకాట ఆడారా?"

మొదటి ముగ్గురూ లేదన్నారు. నాకు వెంటనే బోధపడింది, ఇది సాక్షి గుణగణాలు పరీక్షించే అడ్డ ప్రశ్న. అబద్ధం చెప్తే పంచనామా మీద నా సంతకానికి విలువుండదు. గొంతు సవరించుకున్నాను.

"ఆడతానండి. సరదాకి, అప్పుడప్పుడూ. రమ్మీ." నిజం తప్ప చెప్పనని అనుకున్నాను కదా, సగంలో ఆపడం నచ్చలేదు. "ఒకట్రెండుసార్లు డబ్బులు పెట్టి కూడా ఆడానండి."

కోర్టంతా నిశ్శబ్దం. బెంచి క్లర్కు తలెత్తాడు. పక్కనున్న ముగ్గురూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. వీడెవడు, మనతో ఎప్పుడు కూర్చున్నాడు అన్న చూపు. వాళ్ల లాయరు లేచి, "సార్, సార్, ఈయన మావాడు కాదు సార్!" అన్నాడు.

"మరెవరు మీరు?"

"సాక్షినండి. బైకు."

"ఏ బైకు?"

"లేని బైకండి."

ఇంతలో అసలు సత్యనారాయణ రొప్పుకుంటూ వచ్చాడు. ఆయన ఏ4. మేజిస్ట్రేటు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వాపుకోవడానికి తుడుచుకున్నారని నా అనుమానం. "మీ కేసు పిలిచినప్పుడు రండి" అన్నారు.

బయటికొచ్చాక కుర్ర లాయరు నన్ను పక్కకి తీసుకెళ్లాడు. నేరం ఒప్పుకున్నవాడి మాటల్ని వీలైనంత వరకు ఆ మాటల్లోనే రాయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 275 చెప్తుందట, ఆ ఒప్పుకోలు మీదే శిక్ష కూడా వేయొచ్చట. అంటే ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే "సరదాకి, అప్పుడప్పుడూ, రమ్మీ" ప్రభుత్వ రికార్డులో ఉండేది.

మా కేసు మధ్యాహ్నం పిలిచారు. జైలు నుంచి ముద్దాయిని తీసుకురాలేదు, వాయిదా. పొద్దుటి నుంచి సంతకం నాదేనని చెప్పడానికి వచ్చినవాణ్ని, పేకాట తప్ప ఇంకేమీ చెప్పకుండానే మెట్లు దిగాను.

కింద ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. ఏ4 సత్యనారాయణ.

"మీరూ ఆడతారని తెలీదు సార్" అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "ఆదివారం వస్తారా? మాకో చెయ్యి తగ్గుతోంది."