మెడలో మెడల్, గుండెలో సున్నం

రెండేళ్ల కిందట అక్టోబరులో ఓ ఆదివారం. డాలస్‌లో వైట్ రాక్ లేక్ చుట్టూ మా గుంపు పరుగు తీస్తోంది. ఓ చిన్న ఎత్తు ఎక్కుతుండగా అన్న ఆగిపోయాడు. సొంత అన్న కాదు, పన్నెండేళ్లుగా అలా పిలుచుకుంటున్న మనిషి. అరచెయ్యి ఛాతీ మధ్యన ఆనించుకుని నిలబడ్డాడు. "ఏంటన్నా?" అంటే, "ఏం లేదురా, గ్యాస్. రాత్రి బర్త్‌డే పార్టీలో బిర్యానీ ఎక్కువైంది" అన్నాడు. రెండు నిమిషాలకి తగ్గింది, మళ్లీ పరుగందుకున్నాడు. నేనూ నమ్మాను. ఆరు మారథాన్లు పూర్తి చేసినవాడికి గుండె జబ్బేమిటి?

పదిరోజుల తర్వాత అదే నొప్పి మళ్లీ వస్తే వదిన పట్టుబట్టి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. రెండు స్టెంట్లు పడ్డాయి.

ఈ మాట విన్న మనవాళ్లు చాలామంది "అందుకే అంత పరుగులు వద్దనేది" అన్నారు. నాకు బాధ కలిగింది, ఎందుకంటే అది తప్పు. పరుగు గుండెకి చేసే మేలుకి మన డాలస్‌లోనే రుజువులున్నాయి. 1966లో ఇక్కడి మెడికల్ స్కూల్‌లో ఐదుగురు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి, వాళ్ల శరీరం ఆక్సిజన్ వాడుకునే శక్తి ఎంత పడిపోతుందో కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. 2018లో ఇదే ఊళ్లో డాక్టర్ బెంజమిన్ లెవీన్ బృందం, అంతవరకు కదలకుండా కూర్చున్న నడివయసు వాళ్ల చేత రెండేళ్లపాటు వారానికి నాలుగైదు రోజులు వ్యాయామం చేయించింది. బిగుసుకుపోయిన గుండె కండరం మళ్లీ మెత్తబడింది.

సాధన చేసేవాళ్ల గుండె కాస్త పెద్దదవుతుంది, ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోస్తుంది. అందుకే రాత్రిపూట నా వాచీలో గుండె వేగం 46 చూపిస్తుంది. స్వీడన్‌లో హెన్షెన్ అనే వైద్యుడు మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల ఛాతీని వేళ్లతో తట్టి చూసి, ఈ పెద్ద గుండె సంగతి 1899లోనే చెప్పాడు.

అయితే గుండె కండరం వేరు, దానికి రక్తం అందించే నాళాలు వేరు. అన్న పొరబడిందీ, నేను పొరబడిందీ ఇక్కడే. కండరం ఎంత బలంగా ఉన్నా నాళాలు పూడుకోవచ్చు. అమెరికాకి జాగింగ్ నేర్పిన జిమ్ ఫిక్స్ 1984లో 52 ఏళ్లకే పరుగు మధ్యలో చనిపోయాడు. ఆయన తండ్రి 43 ఏళ్లకే గుండె జబ్బుతో పోయాడు. డాలస్ కూపర్ క్లినిక్‌లో 21,758 మంది మగవాళ్ల లెక్కలతో 2019లో వచ్చిన పరిశోధనలో, వారానికి ఐదు గంటల పరుగుకి సమానంగా కష్టపడేవాళ్ల గుండె నాళాల్లో సున్నం, అంటే గోడలకి పేరుకునే కాల్షియం, కాస్త ఎక్కువగానే కనిపించింది. అలాగని వాళ్లు తక్కువ వ్యాయామం చేసేవాళ్ల కన్నా ఎక్కువగా చనిపోలేదు. ఏళ్ల తరబడి అతిగా సాధన చేసేవాళ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం, ఎక్కువన్న మాట కూడా నిజమే.

ఇందులో మన సంగతి వేరుగా చెప్పుకోవాలి. చాలా దేశాల్లో గుండెపోట్ల మీద జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం లెక్కలతో 2007లో వచ్చిన పరిశోధనలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకి వస్తే, మిగతా దేశాల వాళ్లకి 59కి వచ్చింది. 2018 అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలనే ఒక ముప్పుగా రాశారు. నలభై దాటాక మారథాన్ మొదలుపెట్టే మనవాళ్లు బూట్ల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా దీని మీద పెట్టాలి. నాన్నకో బాబాయికో చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అన్నది డాక్టరుకి చెప్పాలి. బీపీ, సుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు లైపోప్రోటీన్-ఎ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం రక్తపు కొవ్వు) ఒక్కసారైనా చూపించుకోవాలి. గుండె నాళాల్లో సున్నం ఎంతుందో స్కాన్‌తో కొలిచే కాల్షియం స్కోర్ అవసరమా అని అడగాలి. పరుగెత్తితే వచ్చి, ఆగితే తగ్గే నొప్పిని గ్యాస్ అనుకోకూడదు. ఆ రోజు నేను అన్నని ఆపి ఉండాల్సింది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

ఇక మన తెలుగు సంఘాన్ని అడగాల్సింది ఒకటుంది. అమెరికా మారథాన్లలో, హాఫ్ మారథాన్లలో 2000 నుంచి 2009 దాకా గుండె ఆగినవాళ్లలో 100కి 71 మంది చనిపోయారు. 2010 నుంచి 2023 దాకా చూస్తే అది 34కి దిగింది. గుండె ఆగడం తగ్గలేదు, పక్కనున్నవాళ్లు వెంటనే ఛాతీ నొక్కడం, ఆగిన గుండెకి కరెంటు షాకిచ్చే ఏఈడీ యంత్రం చేతికి అందడం పెరిగాయి. మన సంక్రాంతి 5కె పరుగులో టీషర్టులున్నాయి, ఇడ్లీలున్నాయి, డోలు ఉంది, ఏఈడీ లేదు. పిల్లల్ని స్ట్రోలర్‌లో తోస్తూ వచ్చే నాన్నల దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ల తాతగార్ల దాకా అక్కడే ఉంటారు. రిజిస్ట్రేషన్ బల్ల మీద ఒక యంత్రం, ప్రతి మైలుకీ సీపీఆర్, అంటే ఆ ఛాతీ నొక్కే పద్ధతి, వచ్చిన ఇద్దరు వాలంటీర్లు ఉండాలి. డిసెంబరులోపు ఒక శనివారం హాలు ఇప్పించండి. సీపీఆర్ సాధనకి వాడే బొమ్మల్ని, నేర్పించే నర్సుని తీసుకొచ్చే పూచీ నాది. మొదటి పేరు అన్న రాయించేశాడు.