సవరణ: బయాప్సీ నెగెటివ్ వస్తే లింఫోమా లేనట్టు కాదు

ముక్కులో వచ్చే అరుదైన లింఫోమాల (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్ల) గురించి మొన్న రాసిన పోస్టులో "బయాప్సీలో ఏమీ లేదంటే ఇక టెన్షన్ అక్కర్లేదు" అన్నాను. అది తప్పు, ఆ వాక్యం తీసేశాను. వీటిలో ఒకటైన ఎన్‌కే/టీ సెల్ లింఫోమా రక్తనాళాల గోడల్లోకి చొరబడి చుట్టుపక్కల కణజాలాన్ని చంపేస్తుంది కాబట్టి, పైన పక్కు కట్టిన చోట గిల్లి తీసిన ముక్కలో చాలాసార్లు చచ్చిన కణాలూ వాపూ తప్ప ఏమీ దొరకవు, రిపోర్టులో "నెక్రోసిస్, ఇన్‌ఫ్లమేషన్" అని వస్తుంది, మనమేమో సైనసే కదా అని యాంటీబయాటిక్స్ మింగుతూ కూర్చుంటాం. ఒకవైపే ముక్కుదిబ్బడ, రక్తం, మానని పుండు ఉంటే బతికున్న కణజాలం అంచు నుంచి, లోతుగా, మళ్లీ ముక్క తీయాలి. రెండుమూడుసార్లు తీయాల్సి రావడం కొత్తేం కాదు.

ఇంకో పొరపాటు. ఈ లింఫోమాతో ముడిపడిన ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కి రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే చాలు, జబ్బు ఇదేనని తేలిపోయినట్టు రాశాను. అవి పెద్దవాళ్లలో దాదాపు అందరికీ ఉంటాయి! చూడాల్సింది ఆ ముక్కలోని కణాల్లో వైరస్ ఉందా అని. దానికి ఈబర్ అనే పరీక్ష, తోడుగా సీడీ3, సీడీ56, గ్రాంజైమ్-బి మార్కర్లు (ఏ రకం కణాలో గుర్తుపట్టించే ప్రొటీన్లు) చూస్తారు. బయాప్సీకి ముందే స్టెరాయిడ్ మాత్రలు పడితే లింఫోమా కణాలు కొన్నాళ్లు తగ్గి రిపోర్టు తికమక పెట్టొచ్చు, ఆ సంగతి అప్పుడు రాయనేలేదు.