కల్ట్ థ్రిల్లర్ నవల గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కల్ట్ సైకలాజికల్ థ్రిల్లర్ నవల గారి సముఖానికి, మీ పాఠకుడు నమస్కరించి రాయునది ఏమనగా: ఇచ్చట అందరం క్షేమం. మీ పుటల్లో ఎవరూ క్షేమంగా ఉండే ఆచారం లేదు కనుక అక్కడి క్షేమసమాచారం అడగడం లేదు.

ఒక గురువుకు సర్వం అప్పగించే కల్ట్ అనే భక్తబృందం చుట్టూ తిరిగే మీ కథ మాకు కంఠతా వచ్చు. తల్లిని పోగొట్టుకుని, ప్రియుడు విడిచిపోయి, నగరంలో ఉద్యోగం కూడా ఊడిన ఒక యువతి ఉంటుంది. ఆమె గోడు అంత ఓపికగా వినే మనిషి జీవితంలో మొదటిసారి ఎదురవుతాడు. తర్వాత ఫోన్ సిగ్నల్ అందని ఒక పొలం, అందరూ కలిసి వండుకునే వంటశాల, సాయంత్రం దీపాల వెలుగులో పాటలు, తెరవకూడదని చెప్పిన ఒక తలుపు. ఆ తలుపు తెరుచుకున్నాక, మేము ముందే ఊహించామని నలుగురికీ చెప్పుకుని ఇంకో నవల కొంటాం.

మిమ్మల్ని ఎందుకు చదువుతారని ఎవరైనా అడిగితే, మనిషి మనసు ఎలా లొంగిపోతుందో తెలుసుకోవడానికని గంభీరంగా చెబుతాం. మనసును అలా లొంగదీసే పద్ధతులను రాబర్ట్ లిఫ్టన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1961లోనే ఎనిమిదిగా విడమరిచి రాశాడు. అయినా ఆయన పుస్తకం కోసం నిద్ర మానుకున్న థ్రిల్లర్ పాఠకుణ్ణి నేనింతవరకు చూడలేదు. నిజానికి మాకు కావలసింది మీ మొదటి వంద పుటలు. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో తలుపు మీది పేరు చూసి తెలుసుకునే మాకు, ముప్ఫై మంది ఒకే పంక్తిలో భోంచేసి, ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకుని తిరిగే దృశ్యం మీద తగని ఆశ కలుగుతుంది. ఆ ఆశను పైకి ఒప్పుకోవడం నామోషీ కనుక, చివర్లో మీరు దయతో ఒక శవాన్ని సమర్పిస్తారు. అది చూడగానే ఒంటరిగా బతకడం మేము తీసుకున్న వివేకవంతమైన నిర్ణయమని మాకు నమ్మకం కుదురుతుంది.

1980లలో మా తెలుగు వారపత్రికలను ఏలిన చేతబడి సీరియళ్లకు ఈ తెలివి లేదు. నిమ్మకాయలు, శ్మశానం, అర్ధరాత్రి పూజలు చూసి భయపడ్డాం కానీ, ఆ మంత్రగాడితో కలిసి కాపురముండాలని ఎవరికీ అనిపించలేదు.

మీరు అరువు తెచ్చుకునే చరిత్ర మాత్రం మీకంత విధేయంగా ఉండదు. జిమ్ జోన్స్ అనే అమెరికన్ మతబోధకుడు తన పీపుల్స్ టెంపుల్ అనే చర్చిని 1950లలో ఇండియానాపొలిస్ నగరంలో మొదలుపెట్టినప్పుడు అక్కడ రహస్యపు తలుపు ఏదీ లేదు. పేదలకు ఉచిత భోజనం, నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చునే ప్రార్థనలు ఉన్నాయి. అంటే జనం చేరింది మీ మొదటి వంద పుటల్లోకే, అదీ ఎంతో న్యాయమైన కారణాలతో. ఆ పుటలకు మూల్యం, జోన్స్ తన అనుచరులను తరలించిన దక్షిణ అమెరికాలోని గయానా అడవిలో తెలిసింది: పాస్‌పోర్టులు లాక్కున్నారు, లౌడ్‌స్పీకర్లలో అదే పనిగా జోన్స్ గొంతే వినిపించారు, సామూహిక మరణానికి ముందే సాధన చేయించారు. 1978 నవంబరు 18న అక్కడి వారి స్థావరం జోన్స్‌టౌన్‌లో 909 మంది చనిపోయారు. అందులో దాదాపు మూడోవంతు పిల్లలు. మృతుల్లో అత్యధికులు నల్లజాతివారు. నెలనెలా వచ్చే సామాజిక భద్రతా పింఛనును సంఘానికి ధారపోసిన వృద్ధురాళ్లు ఎందరో ఉన్నారు. వారిలో ఒక్కరైనా మీ ముఖచిత్రానికి పనికిరాలేదు. గడ్డి మైదానంలో వీపు తిప్పి నిలబడ్డ తెల్లగౌను అమ్మాయికి ఆ ఉద్యోగం శాశ్వతంగా ఖాయమైనట్టుంది.

మీకు అసలు గిట్టనిది కాగితాల పని అనుకుంటాను. మన దేశం నుంచి వెళ్లిన రజనీష్ అనుచరులు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కట్టుకున్న నగరానికి భూవినియోగ చట్టాలతో ఏళ్ల తరబడి పేచీ నడిచింది. 1984లో కౌంటీ (అంటే మన జిల్లా లాంటిది) ఎన్నికల్లో ప్రత్యర్థి ఓటర్లను మంచాన పడేసి పైచేయి సాధించడానికి వారి నాయకులు కొందరు కౌంటీ కేంద్రమైన ఊరి హోటళ్ల సలాడ్లలో సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా కలిపించగా 751 మంది జబ్బుపడ్డారు. కౌంటీ ఎన్నికల కోసం విషప్రయోగం చేసే విలన్‌ను మీరు సృష్టించి ఉంటే, నమ్మశక్యంగా లేదని మీ సంపాదకులే కొట్టేసేవారు. 1997లో తోకచుక్క వెనుక వ్యోమనౌక వస్తోందని నమ్మి ప్రాణాలు తీసుకున్న హెవెన్స్ గేట్ అనే అమెరికన్ కల్ట్ సభ్యులు 39 మంది అంతకుముందు బతుకుతెరువుకు ఏం చేశారనుకున్నారు? కంపెనీలకు వెబ్‌సైట్లు తయారుచేసి పెట్టారు.

కాబట్టి ఒక విన్నపం. తదుపరి నవలలో మీ గురువుగారికి బూడిదరంగు కళ్లు తగ్గించి, ఒక లెక్కల గుమస్తాను ఇప్పించండి. కథానాయికగా డెబ్బై ఏళ్ల పింఛనుదారును పెట్టండి. ఆమె గతంలో ఏ రహస్యమూ లేకపోయినా పరవాలేదు. వంటశాల అధ్యాయాలను మాత్రం దయచేసి తగ్గించకండి, వీలైతే మరో యాభై పుటలు పొడిగించండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తరువాయి భాగానికి ముందుగానే డబ్బు కట్టిన
మీ పాఠకుడు